వర్షకాలము – క్యాన్సరు రోగి – పంచాయతీ
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



మృగశిర కార్తె ప్రవేశించినది మొదలు మీ దృష్టి యంతయు విత్తనములపైన, ఎరువులపైన, చెరువు కట్టలపైన నుండుట సహజము. ఈ దినమున మేము మీ దృష్టిని వేరొక వైపునకు త్రిప్పగోరుచున్నాము. మీ గ్రామమున ఏదో యొక ఇంటిలో క్యాన్సరు వ్యాధికి చికిత్స పొందుచున్న వ్యక్తి ఉండవచ్చును. వర్షములు ప్రారంభమైన తరువాత ఆ వ్యక్తి క్షేమము డాక్టరు చేతిలోనే గాక, కొంత మీ చేతిలోను ఉన్నదని చెప్పుటకే మేము వచ్చితిమి.

క్లోమ గ్రంథి క్యాన్సరును ఉదాహరణగా తీసికొందము. క్లోమము జీర్ణాశయమునకు వెనుక నుండు జానెడు పొడవు గల గ్రంథి. దాని పనులు రెండు. తిన్న అన్నమును, ముఖ్యముగా కొవ్వును, అరిగించు రసమును తయారు చేయుట మొదటిది. రక్తములోని చక్కెరను అదుపులో ఉంచు ఇన్సులినును తయారు చేయుట రెండవది. ఈ గ్రంథికి క్యాన్సరు వచ్చినచో తిండి ఒంట పట్టదు, బరువు తగ్గును, కొందరికి మధుమేహము వచ్చును. గడ్డ పైత్యరస నాళమును నొక్కినప్పుడు కామెర్లు కనిపించును. అట్టివారికి డాక్టర్లు ఆ నాళములో స్టెంటు అను సన్నని గొట్టమును అమర్చుదురు.

ఈ వ్యాధి కఠినమైనది. చాలమందిలో ఆలస్యముగా బయటపడును. అయినను చికిత్స వలన లభించు ప్రతి నెలయు ఆ కుటుంబమునకు విలువైనదే. కీమోథెరపీ మందు ఎక్కించినప్పుడు రక్తములోని తెల్లకణములు తగ్గును. రోగక్రిములతో పోరాడు సైన్యము ఈ కణములే. సాధారణముగా మందు ఎక్కించిన 7 నుండి 14 దినముల మధ్య ఈ సైన్యము మిక్కిలి బలహీనముగా ఉండును. మనకు రెండు దినములలో తగ్గిపోవు విరేచనములు ఆ సమయమున అతనిని ఆసుపత్రి పాలు చేయగలవు. తదుపరి చికిత్సను వెనుకకు నెట్టగలవు.

ఇంటిలో పాటింపవలసినవి

త్రాగు నీటిని తెర్లునట్లు ఒక నిమిషము కాచి, మూతగల పాత్రలో చల్లార్చి వాడవలెను. మజ్జిగలో కలుపు నీరు, పండ్లు కడుగు నీరు, నోరు పుక్కిలించు నీరు కూడ కాచినదే కావలెను. అన్నము, కూర వండిన వెంటనే వేడిగా పెట్టవలెను. చద్దన్నము, నిలువ కూర, బండి మీద కోసి పెట్టిన పండ్లు పనికిరావు. ఒకేసారి కడుపునిండ తినలేని వారికి కొంచెము కొంచెముగా ఐదారు సార్లు పెట్టుట మేలు.

అరుగుదల కొఱకు డాక్టరు ఎంజైము గుళికలు వ్రాసియుండవచ్చును. వానిని అన్నముతో పాటు వేసికొనవలెను గాని పరగడుపున కాదు. చెమ్మ తగిలిన గోడ అలమరలోగాని, పొయ్యి ప్రక్కన గాని వానిని ఉంచరాదు. డాక్టరు చెప్పనిదే నూనె, నెయ్యి పూర్తిగా మానిపించరాదు. అసలే తగ్గిన బరువు మరింత తగ్గును.

మధుమేహమున్నవారు బురదలో, నిలిచిన నీటిలో చెప్పులు లేక నడువరాదు. ప్రతి రాత్రి పాదములు కడిగి, తుడిచి, వ్రేళ్ళ సందులు చూచుకొనవలెను. ముసురు పట్టిన దినములలో రోగి మంచమునకే పరిమితము కాకూడదు. ఈ క్యాన్సరు గలవారికి కాళ్ళ నరములలో రక్తము గడ్డకట్టు ప్రమాదము ఎక్కువ. ఓపిక ఉన్నంతవరకు వరండాలోనైనను నాలుగడుగులు వేయవలెను. ఒక కాలు మాత్రమే వాచినను, అకస్మాత్తుగా ఆయాసము వచ్చినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. పగలు నిద్రించినను దోమతెర కట్టవలెను. డెంగీ దోమ పగటిపూటనే కుట్టును.

జ్వరము వచ్చిన రాత్రి

ఇది మిక్కిలి ముఖ్యమైన మాట. కీమోథెరపీ పొందుచున్న ఇంట థర్మామీటరు తప్పక ఉండవలెను. 100.4 డిగ్రీల ఫారన్‌హీటు గాని అంతకు మించి గాని జ్వరమున్నచో అది అత్యవసరము. జ్వరపు మాత్ర వేసి తెల్లవారువరకు వేచియుండరాదు. మాత్ర వేడిని తగ్గించును గాని లోపలి వ్యాధిని తగ్గింపదు, ప్రమాదమును కప్పిపెట్టును. ఊరిలో సూదిమందు వేయించుటయు తగదు. రక్తములో ప్లేట్‌లెట్లు తగ్గియున్నవారికి సూది గుచ్చినచోట రక్తస్రావము కలుగవచ్చును. ఆ రాత్రియే ఆసుపత్రికి తీసికొనిపోయి, "కీమోథెరపీ జరుగుచున్నది, ఫలాని తేదీన మందు ఎక్కించినారు" అని మొట్టమొదట చెప్పవలెను.

స్టెంటు అమర్చినవారికి చలితో జ్వరము, మరల పచ్చబడిన కన్నులు, ముదురు రంగు మూత్రము కనిపించినచో గొట్టము పూడుకొనినదని అనుమానింపవలెను. ఇదియు ఆలస్యమునకు తావులేని స్థితి. వానకాలమున కలుషిత నీటి వలన కూడ కామెర్లు వచ్చును. అందుచేత మన గ్రామములలో కామెర్లనగానే పసరు పోయించు అలవాటు ఉన్నది. పసరు కొఱకు గడచిన వారము దినములు ఈ రోగికి ప్రాణాంతకము కావచ్చును. ఇతరుల విషయమున కూడ ఈ మాట గుర్తుంచుకొనుడు. పెద్ద వయసువారికి నొప్పి లేకుండ కామెర్లు వచ్చి, బరువు తగ్గుచున్నచో, పసరు వద్దకు గాక పెద్దాసుపత్రికి పంపుడు.

పంచాయతీ చేయవలసినవి

ఇంతవరకు చెప్పినది కుటుంబము చేయగలదు. కాని ఆ ఇంటికి వచ్చు నీరు ఎట్టిదో, ఆ వీధి దాటి ఆసుపత్రికి పోవు త్రోవ ఎట్లున్నదో నిర్ణయించునది మీరు. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల పరిధికి తగినవిగా పేర్కొన్న 29 విషయములలో త్రాగునీరు, రోడ్లు, కల్వర్టులు, ఆరోగ్య పారిశుధ్యములు ఉన్నవి.

మొదటిది నీరు. మంచి బ్లీచింగ్ పౌడరు 1,000 లీటర్లకు 2.5 గ్రాములు కావలెను. 3 మీటర్ల వ్యాసము, 4 మీటర్ల లోతు నీరు గల బావిలో సుమారు 28,000 లీటర్లుండును. దానికి సుమారు 70 గ్రాములు పట్టును. పొడిని బకెట్టు నీటిలో కలిపి, సున్నము అడుగునకు దిగిన తరువాత పైతేట మాత్రమే బావిలో కలిపి, గంటసేపు నీరు తోడకుండ ఆపవలెను. గంట తరువాత పరీక్షించినచో లీటరుకు 0.5 మిల్లీగ్రాము క్లోరిను మిగిలియుండవలెను. వరదనీరు కలిసిన బావికి మందు మరికొంత పట్టును, పరీక్షయే ప్రమాణము. ఓవర్‌హెడ్ ట్యాంకు ఉన్నచోట వీధి చివరి కుళాయి వద్ద పరీక్షింపుడు. అక్కడ కనీసము 0.2 మిల్లీగ్రాము ఉండవలెను. మూత తీసిన బస్తాలో, చెమ్మలో ఉంచిన బ్లీచింగ్ పౌడరు బలము కోల్పోవునని మరువకుడు. మురుగు కాలువలో మునిగిన పైపులను వానలకు ముందే బాగు చేయించుడు.

రెండవది దోమలు. గ్రుడ్డు దోమగా మారుటకు వారము నుండి పది దినములు పట్టును. కావున వారమునకొకసారి తొట్లు, కూలర్లు, పాత టైర్లు ఖాళీ చేయించినచో ఆ పంట కోతకు రాదు. శుక్రవారపు డ్రై డే కాగితముపైననే నిలువరాదు.

మూడవది త్రోవ. రాత్రివేళ వాగు పొంగినచో ఆ ఇంటి నుండి రోగిని ఏ దారిన తీసికొనిపోవలెను? 108 అంబులెన్సు ఎంతవరకు రాగలదు? అక్కడివరకు చేర్చు ట్రాక్టరు ఎవరిది? ఈ ప్రశ్నలకు సమాధానము వానలు పడక ముందే వ్రాసి ఉంచుకొనుడు. వాగు పొంగు గ్రామములలో నొప్పి మాత్రలు, ఎంజైము గుళికలు, ఇన్సులిను కనీసము రెండు వారములకు సరిపడునట్లు తెచ్చి ఉంచుకొనుమని ఆశా కార్యకర్త ద్వారా ఆ కుటుంబమునకు చెప్పింపుడు. కీమోథెరపీ తేదీకి వాగు అడ్డమగునని తోచినచో ఒక దినము ముందుగనే పట్టణము చేర్చుట మంచిది.

నాలుగవది మాట. క్యాన్సరు అంటువ్యాధి కాదు. ముట్టుకొనినను, కలిసి భోజనము చేసినను రాదు. అయినను కొన్నిచోట్ల ఇరుగుపొరుగువారు దూరముగా మెలగుదురు. ఈ అపోహను గ్రామసభలో మీరు తొలగింపవలెను. అయితే రోగి పేరు సభలో ఎత్తరాదు. ఆ విషయము అతనిది. అతని అనుమతి లేక బయటపెట్టు హక్కు మనకు లేదు. జలుబు, దగ్గు ఉన్నవారు మాత్రము కొన్నాళ్ళు పరామర్శ మానుకొనుట మర్యాద.

సోదరులారా! ఒక రోగి కొఱకు ఇంత చేయవలెనా అని మీలో కొందరికి తోచవచ్చును. అతనికి మేలు చేయు నీరే బాలింతకు, పసిబిడ్డకు, వృద్ధునికి మేలు చేయును. అతనిని ఆసుపత్రికి చేర్చు త్రోవయే రేపు పాము కరచిన రైతును చేర్చును. మిక్కిలి బలహీనుడైన వాడు క్షేమముగా దాటగలిగిన వానకాలమును ఊరంతయు క్షేమముగా దాటును. ఈ సంవత్సరము మొదటి వాన కురియుటకు ముందే మీ పంచాయతీ ఈ నాలుగు పనులను ముగించునని ఆశించుచున్నాము.