ఆటవేతనము - చదువువేతనము



ఇటీవల మా గ్రామమందలి పెద్దమనిషి యొకరు మా యింటికి వచ్చి, "పంతులుగారూ, అమెరికాలో మా మనుమడు బేస్‌బాల్ చక్కగా ఆడునట. ఆటవలననే కాలేజీ చదువంతయు ఉచితముగా లభించునని అల్లుడు చెప్పుచున్నాడు. ఇక మార్కులతో పనియేమి?" అని యడిగిరి. బిళ్ళంగోడాడు బాలుర చెవులు మెలిపెట్టిన చేయి నాది. కావున నా తీర్పును నేనే నమ్మక, అచ్చటి నిబంధనలు తెలిసికొని వారికి చెప్పితిని. ఆ సంగతియే మీకును మనవి చేయుచున్నాను.

బేస్‌బాల్ బంతితోను కర్రతోను ఆడు ఆట. క్రికెట్టునకు దూరపు చుట్టము. అచ్చటి కళాశాలలు తమ జట్టులో జేర్చుకొను విద్యార్థికి రుసుము, బస, భోజనము, పుస్తకములకై వేతనమిచ్చుట కలదు. అయితే బేస్‌బాల్ ఆటగానికది పూర్ణముగా దొరకుట అరుదు. జాతీయ కళాశాలా క్రీడాసంఘము వారి ప్రథమశ్రేణియందు చాలకాలము జట్టొకటికి 11.7 పూర్ణవేతనములు మాత్రమే యుండెను. వానిని 27 మందివరకు పంచెడివారు. పండుగనాటి బూరెలు పంచినట్లు ముక్కలు చేయక తప్పదు గదా! సగటున సగము వేతనమైనను రాదు.

2025 జూన్ నెలలో న్యాయస్థానమొక ఒడంబడికను ఆమోదించెను. అందు జేరిన కళాశాలలకు వేతనముల సంఖ్యపై పరిమితి తొలగి, జట్టు 34 మందికి పరిమితమయ్యెను. వినుట కింపైన మాటయే. కాని పరిమితి తీసివేయుట వేరు, పెట్టె తెరచి ధనమిచ్చుట వేరు. తృతీయశ్రేణి కళాశాలలలోను, హార్వర్డు మొదలగు ఐవీ లీగు విద్యాలయములలోను ఆటకై వేతనమే లేదు.

ఇక చదువు సంగతి. పూర్వము విద్యావేతనము సైతము, బాలుడు మిక్కిలి ఉన్నతశ్రేణివాడైననే తప్ప, జట్టు లెక్కలోనికి వచ్చెడిది. 2020 ఆగస్టు నుండి ప్రథమశ్రేణియందు విద్యనుబట్టియు, కుటుంబస్థితినిబట్టియు ఇచ్చు ధనము ఆ లెక్కలో చేరుట మానెను. ఏటి ఖర్చు 40,000 డాలర్లనుకొందము. ఆటకు 10,000, చదువునకు 15,000 వచ్చినచో తండ్రిపై మిగులు భారము 15,000. మార్కులు లేనివానికది 30,000. శిక్షకుడును తన కొద్ది ధనముతోనే చేరగల బాలుని విడిచిపెట్టడు. అన్ని కళాశాలలును రెండు వేతనములను కలుపనీయవు. కావున ఆ మాట ముందుగా వ్రాతపూర్వకముగా పొందవలయును. ఆటవేతనపు పత్రము ఎన్నేండ్లకో, విద్యావేతనము నిలుచుటకెన్ని మార్కులు కావలయునో కూడ చూడవలయును.

బంతి విసరువానికి మోచేతి స్నాయువు తెగుట ఆ యాటలో సాధారణ గాయము. 1974లో టామీ జాన్ అను ఆటగానికి జరిగిన శస్త్రచికిత్స నేటికిని ఆతని పేరనే పిలువబడుచున్నది. తిరిగి విసరుటకు ఏడాదియో, అంతకు మించియో పట్టును. ఆ ఏడు విద్యావేతనమునకు మోచేతితో నిమిత్తము లేదు. అంతేకాదు, ప్రథమశ్రేణియందు ఆడుటకే ఉన్నతపాఠశాలలో 16 ముఖ్యపాఠ్యములు చదివి, 4కు 2.3 సగటు తెచ్చుకొనవలయును.

అంతయు విని ఆ పెద్దమనిషి కొంతసేపు మౌనము వహించిరి. "ఈ వేసవి లెక్కల పాఠములు మాని ఆటశిబిరమునకు పోవుదునని మనుమడు పట్టుపట్టినాడు. అల్లుడును సరే యన్నాడు. రాత్రికే మాట్లాడెదను" అని లేచిరి. మనకు రాత్రియైనప్పుడే గదా అచ్చట తెల్లవారును.