సీతాఫలం పువ్వు దగ్గర మా హాస్టల్ పిల్లలు

 

సంస్కృతి మీద మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. పాట, ఆట, పేటియా గురించి మాకంటే బాగా చెప్పేవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. మేము సీతాఫలం గురించి చెప్తాం. దసరా ముందర మన ఆడవాళ్ల గంపల్లో దిగేది అదే కదా. పుస్తకాల లెక్కన ఈ చెట్టు అమెరికా ఖండం నుంచి వచ్చింది. అయితే ఏం? బాలానగర్ సీతాఫలం అని దేశమంతా చెప్పుకునేది మన పాలమూరు పండునే.

మా హాస్టల్‌లో ఒక పాప అడిగింది: "మేడం, మా యాడి గంపలో సగం వంకర కాయలే. సేటు వాటిని పక్కకు తీసేస్తడు. ఎందుకట్ల?" నీళ్లు చాలక కావచ్చు అని ఆ రోజు చెప్పేశాం. తర్వాత పుస్తకం చూస్తే మా జవాబు సగమే.

కాయ మీద ఉండే ఒక్కో కన్ను పువ్వులోని ఒక్కో చిన్న అండకోశం. దానికి పుప్పొడి అందితే గింజ కడుతుంది, కన్ను ఉబ్బుతుంది. అందని చోట కన్ను లేవదు, కాయ ఆ పక్కకు వంగుతుంది. అసలే అందకపోతే పువ్వు రాలిపోతుంది. తిప్పలు ఎక్కడంటే, ఒకే పువ్వులో ఆడ భాగం ముందు సిద్ధమవుతుంది. అప్పటికి రెక్కలు కొంచెమే విడి ఉంటాయి. రెక్కలు పూర్తిగా తెరిచి పుప్పొడి రాలే వేళకు ఆడ భాగం ఎండిపోతుంది. అంటే ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు చేరాలి, అదీ బతికి ఉండగానే.

ఎంతసేపు బతుకుతుందో చూద్దామని హైస్కూల్ నుంచి మైక్రోస్కోప్ తెచ్చాం. వంద మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన నీళ్లలో పది గ్రాముల చక్కెర, చిటికెలో చిటికెడు బోరిక్ యాసిడ్. అది ఎక్కడిదంటారా, పిల్లల క్యారమ్ పౌడర్ డబ్బాదే! డబ్బా మీద బోరిక్ యాసిడ్ అని రాసి ఉన్నదే వాడాం, చేతులు కడిగించాం. ఆ చుక్కలో పొద్దున్నే తెచ్చిన పుప్పొడి వేశాం. గింజలు నాలుగేసి అతుక్కొని కనిపించాయి. రెండు గంటలకు కొన్నింటికి సన్నటి తోకలు వచ్చాయి. మొలక వచ్చిందని పిల్లలు ఒకటే అరుపులు. గదిలో బయట పెట్టిన పుప్పొడి సాయంత్రానికి దాదాపు మొలకెత్తలేదు. ఫ్రిజ్‌లో పెట్టినది మర్నాడు పొద్దున కొంత మొలిచింది.

ఎండబెట్టి దాచుదామని ఒక పాప అంది. తెలివైన మాటే. ఈతకు, దాని చుట్టమైన ఖర్జూరానికి అది కుదురుతుంది. వాటి పుప్పొడి పొడిపిండి లాంటిది, ఖర్జూరం రైతులు దాన్ని మరుసటి ఏడుకు కూడా దాచుకుంటారు. సీతాఫలం పుప్పొడి తడితోనే రాలుతుంది, బాగా ఎండితే చచ్చిపోతుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థలో పుప్పొడిని ద్రవ నత్రజనిలో, సున్నాకు 196 డిగ్రీల కింద దాచే ఏర్పాటు ఉంది. మనకు పొద్దుటి పువ్వు, చిన్న డబ్బా, బొమ్మలేసే కుంచె చాలు.

హాస్టల్ ఆవరణలోని చెట్టు మీద చేసి చూశాం. పొద్దున్నే పూర్తిగా తెరిచిన పువ్వులు దులిపి, సగం విడిన పువ్వుల్లోకి కుంచెతో లోపల చుట్టూ తిప్పాం. గుర్తుకు ఎర్ర దారం కట్టాం. మధ్యలో రెండు రోజులు వాన పడి కొన్ని పోయాయి. నిలిచిన దారాల కాయలు మాత్రం చాలావరకు గుండ్రంగా వచ్చాయి. ఒక్క చెట్టుతో ఇదే రుజువు అనలేం, కానీ ఆ పాప తల్లిని పిలిపించి చూపించాం. ఆమె కాయను తిప్పి తిప్పి చూసి, "గుట్ట మీద ఇన్ని చెట్లకు ఎవరు చేస్తరమ్మా?" అంది.

ఎవరూ చేయలేరు. గుట్ట మీద ఆ పని చేసేది నువ్వుగింజంత పురుగు. పువ్వు వాసనకు లోపల దూరి, ఒంటికి పుప్పొడి అంటించుకొని ఇంకో పువ్వుకు పోతుంది. అది పిల్లల్ని పెట్టేది మురిగిన పండ్లలో. మనం ఎండాకాలం గుట్టకు నిప్పు పెడితే ఆకుల చెత్తతో పాటు దాని ఇల్లూ కాలిపోతుంది. పురుగు మందు కొడితే అదీ చస్తుంది. అందుకే ఆ తల్లితో మేము రెండే మాటలు అన్నాం: గుట్ట కింద నిప్పు వద్దు, రాలి మురిగిన పండ్లను చెట్టు మొదట్లోనే వదిలెయ్యండి. పెరట్లో చెట్టు ఉన్నవాళ్లు మాత్రం తొలకరి పడ్డాక పొద్దున ఆరుకు హాస్టల్‌కు రండి. కుంచెలు మా దగ్గర ఉన్నాయి. పని నేర్పేది మా పిల్లలే.