కాటా ఆగినచోట మన సాయం ఆగకూడదు

(సంఘం వార్షిక సమావేశంలో వైద్య సహాయ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి సంవత్సరం ఈ వేదిక మీద మేము లెక్కలు చదువుతాం. ఎంతమందికి డయాలసిస్ ఖర్చు ఇచ్చాం, ఎంతమందికి కంటి ఆపరేషన్ చేయించాం అని చెబుతాం. ఆ లెక్కలు ఈ సంచికలో వేరే పేజీల్లో ఉన్నాయి, చూసుకోగలరు. ఈసారి మేము ఒక పొరపాటు గురించి మాట్లాడదలిచాం. ఆ పొరపాటు మా కమిటీదే.

రెండేళ్ల క్రితం మీరిచ్చిన డబ్బుతో ఒక ఆపాకు బరువు తగ్గే ఆపరేషన్ చేయించాం. డాక్టర్లు దాన్ని బేరియాట్రిక్ సర్జరీ అంటారు. ఆమె పేరూ పేటా చెప్పం. మిగతా సంగతులు ఆమె ఒప్పుకున్న మీదటే చెబుతున్నాం. ఇంట్లో మిషన్ కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్న మనిషి. అప్పటికి 128 కిలోల బరువు, షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు. నమాజు కుర్చీలోనే. ఆపరేషన్ బాగా జరిగింది. పదకొండు నెలల్లో 34 కిలోలు తగ్గింది. అల్‌హందులిల్లాహ్ అన్నాం. అంతటితో ఊరుకోలేదు. నిరుడు ఈ సంచికలోనే ఆమె పేరు లేకుండా 34 కిలోలు అని పెద్ద అక్షరాల్లో వేశాం. పేరు లేకపోయినా ఆమె ఎవరో పేటలో అందరికీ తెలుసు.

ఆ తర్వాత కాటా 94 దగ్గర ఆగిపోయింది. ఒక నెల, రెండు నెలలు, ఐదు నెలలు. ఒక పెళ్లి దావత్‌లో ఎవరో ఆమె పళ్లెం వైపు చూసి, "ఆపరేషన్‌కు అంత డబ్బు పెట్టించుకుని ఇంకా ఇలాగే ఉన్నావేమిటి?" అన్నారట. ఆ మాట అన్నవారు చెడ్డవారు కారు. మనలో ఎవరమైనా అనగల మాటే. ఆ రోజు నుంచి ఆమె దావత్‌లకు వెళ్లడం మానేసింది. ఆస్పత్రికి వెళ్లడం మానేసింది. మన ఆఫీసు గుమ్మం తొక్కడం కూడా మానేసింది. భోజనం తగ్గించి టీ, రస్కుల మీద బతికింది. జుట్టు గుప్పిళ్లతో ఊడింది. ఒకరోజు మిషన్ ముందే కళ్లు తిరిగి పడిపోయింది. అప్పుడు గానీ మాకు తెలియలేదు.

మేము వెళ్లి కూర్చుంటే ఆమె మొదట అన్న మాట ఇది: "భాయ్‌సాబ్, దాతల డబ్బు వృథా చేశాను, నన్ను మాఫ్ చేయండి." ఆ మాట విన్నాక మాకు రాత్రి నిద్ర పట్టలేదు. మాఫీ అడగవలసినది ఎవరు? ఆపరేషన్ బిల్లు కట్టి, రసీదు ఫైలులో పెట్టి, మా పని అయిపోయిందనుకున్నది మేము.

అందుకే ఈ విషయం మేము నేర్చుకున్నంత మేరకు మీ ముందు పెడుతున్నాం. మీ ఇళ్లలోనూ, బంధువుల్లోనూ ఇలాంటి ఆపరేషన్ చేయించుకున్నవారు ఉండవచ్చు.

ఈ ఆపరేషన్లలో ముఖ్యంగా రెండు రకాలు. స్లీవ్ పద్ధతిలో జీర్ణకోశాన్ని ముప్పాతిక వంతుకు పైగా తీసేసి సన్నని గొట్టంలా మిగులుస్తారు. బైపాస్ పద్ధతిలో పైన చిన్న సంచిని మాత్రం ఉంచి, దాన్ని నేరుగా చిన్న పేగుకు కలుపుతారు. రెండింటిలోనూ కొద్దిగా తినగానే కడుపు నిండుతుంది. ఆకలి పుట్టించే హార్మోన్లలోనూ మార్పు వస్తుంది. మొదటి ఆరు నెలల్లో బరువు వేగంగా దిగుతుంది. తర్వాత వేగం తగ్గి, ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్యలో చాలామందికి నిలిచిపోతుంది. కొందరికి మూడో వారంలోనే ఒకసారి ఆగి మళ్లీ కదులుతుంది.

ఎందుకు ఆగుతుంది? 34 కిలోలంటే ఒక పాతిక కిలోల బియ్యం బస్తా, దాని మీద ఇంకో తొమ్మిది కిలోలు. ఆ మూటను ఒంటి మీద వేసుకుని ఆమె రోజంతా తిరిగేది. మూట దించేశాక అదే నడకకు, అదే పనికి ఒంటికి తక్కువ శక్తి చాలు. పైగా తిండి తగ్గిందని గమనించిన శరీరం, కరువు వచ్చిందనుకుని పొదుపు మొదలుపెడుతుంది. ఇంకోవైపు కడుపు కొంచెం కొంచెంగా అలవాటు పడుతుంది. మొదట్లో అరకప్పుకే నిండిన కడుపు ఏడాది తర్వాత అంతకు రెట్టింపు పడుతుంది. ఖర్చు తగ్గి, రాబడి పెరిగి, రెండూ సమానమైన రోజున కాటా ఆగుతుంది. ఇందులో ఆమె పాపం ఏమీ లేదు.

స్వీడన్ దేశంలో 1987లో మొదలుపెట్టి ఇలాంటి ఆపరేషన్ చేయించుకున్నవారిని ఏళ్ల తరబడి గమనించారు. బైపాస్ చేయించుకున్నవారు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున ఒంటి బరువులో 32 శాతం తగ్గారు. పదేళ్ల తర్వాత చూస్తే 25 శాతం తగ్గుదల నిలిచింది. అంటే కొంత తిరిగి వచ్చింది, ఎక్కువ భాగం నిలబడింది. ఆపరేషన్ చేయించుకున్నవారిలో మరణాలు కూడా తగ్గాయి. కాటా ఆగినంత మాత్రాన ఆపరేషన్ విఫలమైందని అనుకోకూడదని ఈ లెక్క చెబుతుంది.

మరి ఆగిన బరువు మళ్లీ తగ్గాలంటే ఏం చేయాలి? డాక్టరు, డైటీషియన్ ఇద్దరూ ఆమె దగ్గర కూర్చుని ఒక వారం పాటు తిన్నవీ తాగినవీ అన్నీ రాయించారు. ఆ కాగితం చూసి మేమే ఆశ్చర్యపోయాం. ఆమె తింటున్నది కొంచెమే. కానీ రోజుకు ఆరు టీలు, టీకి రెండు చెంచాల చక్కెర. అంటే పన్నెండు చెంచాలు, దాదాపు 50 గ్రాములు. రెండు వందల కేలరీలు అక్కడే వెళ్లాయి. వాటితో రస్కులు, బిస్కెట్లు. చిన్నదైన కడుపులో గట్టి తిండి నిలుస్తుంది, ఆకలి ఆపుతుంది. టీలో నానిన రస్కు, ఖీర్, షర్బత్ జారిపోతాయి. కడుపు నిండినట్టే ఉండదు, కేలరీలు మాత్రం చేరిపోతాయి.

మొదటి మార్పు మాంసకృత్తులది, అంటే ప్రొటీన్‌ది. రోజుకు 60 నుంచి 80 గ్రాములు అందాలన్నారు. వినడానికి పెద్ద లెక్కే గానీ పేదింటి వంటింట్లోనూ కుదురుతుంది. పొద్దున రెండు గుడ్లు 12 గ్రాములు. ఒక కప్పు గట్టి పప్పు ఏడు. వంద గ్రాముల కోడి మాంసమో చేపో ఉంటే పాతిక దాకా. రెండు గ్లాసుల పాలో మజ్జిగ కలపని పెరుగో పన్నెండు. ఇరవై గ్రాముల సోయా ముక్కలు పది. కోడి లేని రోజున ఇంకో గుడ్డు, సోయా ఎక్కువ. పళ్లెంలో ముందు ఇవి తినాలి, తర్వాత కూర, అన్నం చివర. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. కూల్‌డ్రింకుల జోలికి పోకూడదు.

రెండోది కండ. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. కండ కరిగితే కూర్చున్నప్పుడు ఒంటికి అయ్యే ఖర్చు ఇంకా పడిపోతుంది. వారానికి 150 నిమిషాల నడకతో మొదలుపెట్టి, వీలునుబట్టి పెంచమన్నారు. దాంతోపాటు వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి నెట్టడం, నీళ్ల సీసాలు ఎత్తడం లాంటివి. ఒంటరిగా బయట నడవడానికి ఆమెకు మొహమాటం. పేటలోని నలుగురు ఆడవాళ్లు ఫజ్ర్ తర్వాత స్కూలు మైదానంలో ఆమెతో కలిసి నడవడం మొదలుపెట్టారు. మందుల కన్నా ఇదే ఎక్కువ పనిచేసిందని ఆమె అంటుంది.

మూడోది విటమిన్లు. ఈ ఆపరేషన్ తర్వాత బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ జీవితాంతం వేసుకోవాలి. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోకూడదు, మధ్యలో కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఆమె అన్నీ ఆపేసింది. ఎందుకని అడిగితే, క్యాప్సూల్ పైపొర దేనితో చేస్తారో అని ఎవరో సందేహం పెట్టారట. సందేహం సబబైనదే. కానీ అవే విటమిన్లు మాత్రల రూపంలోనూ, మొక్కల నుంచి తీసిన పొర ఉన్న క్యాప్సూళ్లలోనూ దొరుకుతాయి. ఆ ఒక్క మాట చెప్పే మనిషి లేక ఆమె ఆరు నెలలు రక్తహీనతతో మిషన్ తొక్కింది. ఇది వింటే మీకు ఎలా ఉందో, మాకూ అలాగే ఉంది.

రంజాన్ గురించి కూడా చెప్పాలి. ఆపరేషన్ అయిన మొదటి ఏడాది, ఏడాదిన్నర రోజాలు ఉండవద్దని చాలామంది డాక్టర్లు అంటారు. కడుపు చిన్నది గనుక, ఇఫ్తార్ నుంచి సహర్ లోపల కావలసిన నీళ్లు, ప్రొటీన్ తీసుకోవడం కష్టం. రోగికి షరీఅత్‌లో సడలింపు ఉంది. తన విషయంలో ఏం చేయాలో డాక్టరునూ, ఆలిమ్‌నూ ఇద్దరినీ అడిగి నిర్ణయించుకోవాలి. రోజా ఉండగలిగిన వారు ఇఫ్తార్‌లో ఖర్జూరం ఒకటితో ఆపి, షర్బత్, పకోడీల కన్నా ముందు గుడ్డు, పెరుగు, మాంసం తీసుకుంటే మంచిది.

కొన్ని సందర్భాల్లో తిండిని మాత్రమే సరిచేస్తే చాలదు. థైరాయిడ్, స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు బరువును ఆపుతాయి. విడవకుండా వాంతులు అయినా, గుండెల్లో మంట ఉన్నా, ఉన్నట్టుండి ఎక్కువ తినగలుగుతున్నా ఆస్పత్రిలో చూపించుకోవాలి. ఆపరేషన్ చేసిన చోట ఏదైనా మారిందేమో ఎండోస్కోపీతో తెలుస్తుంది. అవసరమైన వారికి ఇప్పుడు కొత్త ఇంజెక్షన్లు వచ్చాయి, కొందరికి రెండో ఆపరేషన్ కూడా చేస్తారు. అవి డాక్టరు నిర్ణయించవలసినవి. పొడులు, కషాయాలు అమ్మేవారి మాట వినకండి. పస్తులు అసలు వద్దు.

ఇక దాతలకు మా మనవి. ఆపరేషన్‌కు ఇవ్వడానికి మన ఊళ్లో చేతులు ఎప్పుడూ ముందుకు వస్తాయి. అల్లాహ్ మీ అందరికీ మంచి ప్రతిఫలం ఇచ్చుగాక. కానీ ఆపరేషన్ తర్వాత వచ్చే రక్త పరీక్షకు, బస్సు చార్జీకి, నెల నెలా విటమిన్ మాత్రలకు, రోజూ రెండు గుడ్లకు ఇచ్చేవారు తక్కువ. ఫోటోకు పనికిరాని ఖర్చులవి. పెద్ద బిల్లు కట్టి ఈ చిన్న ఖర్చులు వదిలేస్తే, ఇల్లు కట్టి కప్పు వేయనట్టే.

అందుకే మా కమిటీ మూడు నిర్ణయాలు తీసుకుంది. ఇకమీదట ఈ ఆపరేషన్‌కు సాయం చేస్తే, తర్వాతి రెండేళ్ల పరీక్షలు, మాత్రలు, ప్రయాణం ఖర్చు కూడా ముందే పక్కన పెడతాం. నెలకొకసారి మా మహిళా సభ్యులు ఇంటికి వెళ్లి పలకరిస్తారు, కాటా గురించి అడగడానికి కాదు, ఎలా ఉన్నారని అడగడానికి. సాయం పొందిన వారి బరువు అంకెలు వారు కోరితే తప్ప ఈ సంచికలో వేయం.

ఆ ఆపా సంగతి చెప్పి ముగిస్తాం. ఎనిమిది నెలల్లో ఆమె 94 నుంచి 87కు వచ్చింది. మొదటి ఏడాదిలో రెండు నెలల్లోనే తగ్గిన బరువు ఇది. ఇప్పుడు ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు మళ్లీ ఆగింది, ఈసారి ఆమె భయపడలేదు. ఈ అంకె చెప్పవచ్చా అని అడిగాం. ఆమె నవ్వి, "చెప్పండి భాయ్‌సాబ్. కానీ దాని పక్కనే ఇంకో సంగతి కూడా రాయండి. షుగరు మాత్ర సగం అయింది, నేను నేల మీద సజ్దా చేస్తున్నాను" అంది.

రాశాం.

మీలో ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి వారు ఉంటే, దావత్‌లో వారి పళ్లెం వైపు చూడకండి. బలవంతంగా వడ్డించకండి, ఎందుకు తినడం లేదని అడగకండి. పక్కన కూర్చుని తీరిగ్గా తినండి. అదీ సదఖాయే.

అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక. మీ దానాలను స్వీకరించి, మీ సంపాదనలో బర్కత్ ఇచ్చుగాక. మా లోపాలను మన్నించి, మొదలుపెట్టిన పనిని చివరిదాకా చేసే శక్తిని మా అందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.