పంటి వెనీర్లకు గార పట్టకుండా కాపాడుకోవడం ఎలా?

పళ్ళ మీద అతికించే వెనీర్లు అంటే ఏమిటి, వాటికి మరకలు ఎందుకు పడతాయి, పడకుండా ఏం చేయాలి అన్నది ఈనాటి మన పాఠం. ఇది సినిమా తారల వ్యవహారం కదా, మనకెందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. అలా కాదని తెలియడానికి సూరత్ నగరాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

గుజరాత్‌లో తపతి నది ఒడ్డున ఉన్న సూరత్ రెండు పనులకు పేరు పొందింది. ఒకటి బట్టల తయారీ, రెండవది వజ్రాలకు సానపట్టడం. అక్కడి మరమగ్గాల మీద పనిచేయడానికి తెలంగాణ జిల్లాల నుంచి చేనేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, తరాలుగా వలస వెళ్తున్నారు. లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాల్లో తెలుగు మాట వినిపిస్తుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతూ వచ్చింది.

ఇలా వెళ్ళిన ఒక నల్లగొండ కుటుంబాన్ని ఊహించుకుందాం. అన్న పదేళ్ళ వయసు దాకా ఊళ్ళోనే పెరిగాడు. తమ్ముడు సూరత్‌లో పుట్టాడు. అన్న రోజూ రెండుపూటలా పళ్ళు తోముకుంటాడు. అయినా అతని ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉన్నాయి. తమ్ముడి పళ్ళు తెల్లగా వచ్చాయి. కానీ మగ్గం షెడ్డులో రాత్రి పాళీ చేస్తూ, నిద్ర ఆపుకోవడానికి చాయ్, గుట్కా అలవాటు చేసుకున్నాక అతని పళ్ళూ ఎర్రబారాయి. చూసేవారికి ఇద్దరివీ గారపళ్ళే. కానీ కారణాలు వేరు, చికిత్సలూ వేరు. ఈ తేడా తెలుసుకుంటే సగం పాఠం వచ్చినట్టే.

లోపలి రంగు, పైపై గార

పంటి మీద గట్టిగా, తెల్లగా ఉండే పొర పేరు ఎనామిల్. మన శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం ఇదే. జ్ఞానదంతాలు తప్ప మిగిలిన శాశ్వత దంతాల ఎనామిల్ సుమారు 8 ఏళ్ళ వయసులోపే చిగుళ్ళ లోపల తయారవుతుంది. ఆ వయసులో తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామిల్ సరిగా గట్టిపడదు. అందులో సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. పళ్ళు సుద్దలా వెల్లగా బయటికి వస్తాయి. తరువాత ఆ రంధ్రాల్లోకి రంగులు చేరి గోధుమరంగుకు మారతాయి. ఇదే దంత ఫ్లోరోసిస్. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట గుర్తించి 1937లో ప్రకటించింది తెలుగు నేల మీదే. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఈ పరిశీలన చేశారు. తరువాత నల్లగొండ పేరు ఈ జబ్బుతో ముడిపడిపోయింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించినప్పుడు దానికి నల్లగొండ పద్ధతి అనే పేరే వచ్చింది. బోరునీటికి బదులు నదీజలాలు అందించడం దీనికి అసలైన పరిష్కారం. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ఉద్దేశాల్లో అదొకటి.

అన్న పళ్ళ రంగు లోపలిది. ఎంత తోమినా పోదు. అది అశుభ్రత గుర్తు కాదు. ఈ మాట మీరు తరగతిలో తోటివారికి కూడా చెప్పాలి. ఫ్లోరోసిస్ ఉన్న పిల్లలు నవ్వాలంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. తోమడం లేదని ఎగతాళి చేయడం అన్యాయం.

తమ్ముడి పళ్ళది పైపై గార. దంతవైద్యులు శుభ్రం చేస్తే చాలావరకు పోతుంది. అలవాటు మానకపోతే మళ్ళీ వస్తుంది.

వెనీరు అంటే ఏమిటి?

పంటి ముందు భాగం మీద అతికించే పలుచని పెంకు వెనీరు. దాదాపు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. కాలిఫోర్నియాలో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు 1928 ప్రాంతంలో సినిమా నటుల కోసం ఇలాంటి పెంకులు చేశాడు. వాటిని షూటింగ్ అయ్యాక తీసేయాల్సి వచ్చేది, గట్టిగా అతికే పద్ధతి అప్పటికి లేదు. 1955లో మైకేల్ బ్యూనోకోర్ ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఎనామిల్‌ను గరుకుగా చేస్తే రెసిన్ పట్టుకుంటుందని చూపాడు. 1980ల తొలినాళ్ళలో పింగాణీ పెంకు లోపలివైపును కూడా ఆమ్లంతో గరుకు చేసి అతికించే పద్ధతి వచ్చింది. అప్పటి నుంచి వెనీర్లు ఏళ్ళ తరబడి నిలుస్తున్నాయి.

వీటిలో రెండు ముఖ్య రకాలున్నాయి. మొదటిది కాంపోజిట్ రెసిన్. ఖర్చు తక్కువ, ఒక్క పూటలో వేయవచ్చు, విరిగితే బాగుచేయవచ్చు. రెండవది పింగాణీ. ఖర్చు ఎక్కువ, కానీ పదేళ్ళకు పైగా నిలవగలదు. రెసిన్ కొద్దిగా నీటిని పీల్చుకుంటుంది, నీటితోపాటు రంగునూ పీల్చుకుంటుంది. పింగాణీ గాజులాంటిది, రంగును లోపలికి రానివ్వదు. ఇంట్లో ప్లాస్టిక్ డబ్బాకు పసుపు పట్టి పోకపోవడం, గాజు గిన్నె కడిగితే తెల్లబడడం మీరు చూసే ఉంటారు. తేడా అదే.

మరక ఎలా పడుతుంది?

నేతపని, అద్దకం తెలిసిన ఇళ్ళ పిల్లలకు ఇది సులభంగా అర్థమవుతుంది. నూలుకు రంగు నేరుగా గట్టిగా పట్టదు. అందుకే కలంకారీలో బట్టను ముందు కరక్కాయ నీళ్ళలో ముంచుతారు. కరక్కాయలోని టానిన్లు పోగును పట్టుకుంటాయి, వాటి సాయంతో రంగు నిలుస్తుంది. నోట్లోనూ ఇలాంటిదే జరుగుతుంది. తోముకున్న కొద్ది నిమిషాల్లోనే లాలాజలంలోని ప్రోటీన్లు పంటి మీదా వెనీరు మీదా కంటికి కనబడని పొరగా చేరతాయి. టీలో, వక్కలో, కాచులో ఉన్న టానిన్లు ఆ ప్రోటీన్లను గట్టిగా పట్టుకుంటాయి. రంగు నిలిచిపోతుంది.

వెనీరు విషయంలో మరక మూడు చోట్ల కనిపించవచ్చు. ఒకటి, పైభాగం మీద. రెండు, వెనీరూ పన్నూ కలిసే అంచు దగ్గర. ఇక్కడ రెసిన్ సిమెంటు సన్నని గీతలా బయటపడి ఉంటుంది. పింగాణీకి మరక పట్టకపోయినా ఈ గీతకు పడుతుంది. మూడు, వెనీరు అడుగున. అతికించిన సిమెంటు కాలక్రమంలో పసుపుబారినా, అంచు దగ్గర సందు ఏర్పడి లోపలికి రంగు చేరినా, అడుగున పుచ్చు వచ్చినా అలా కనిపిస్తుంది. మొదటిదాన్ని శుభ్రం చేయవచ్చు. రెండవదాన్ని ఒక్కోసారి పాలిష్ చేసి సరిచేయవచ్చు. మూడవదానికి తరచుగా వెనీరు మార్చవలసి వస్తుంది. పళ్ళను తెల్లబరిచే మందులు వెనీరు రంగును మార్చలేవు. కాబట్టి తెల్లబరచడం అవసరమైతే వెనీర్లు వేయకముందే చేయించుకుని, ఆ రంగుకు సరిపడేలా వెనీర్లు ఎంచుకోవాలి.

పడకుండా ఏం చేయాలి?

సూరత్‌లో వజ్రాలకు సానపట్టేవారికి బాగా తెలిసిన సంగతి ఒకటుంది. నున్నని తలం మీద మురికి నిలవదు, గీతలు పడితే నిలుస్తుంది. వెనీరు మెరుపు పోకుండా చూడడమే మరకల నివారణలో మొదటి సూత్రం.

అందుకని బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు, గరుకు పళ్ళపొడులు వాడకూడదు. తెల్లబరుస్తాయని ప్రకటించే టూత్‌పేస్టుల్లో కొన్ని గరుకుగా ఉంటాయి. మెత్తని కుంచె ఉన్న బ్రష్షు, గరుకు తక్కువ ఉన్న ఫ్లోరైడ్ పేస్టు చాలు. రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు, చిగురు అంచు దగ్గర నెమ్మదిగా తోమాలి. పళ్ళ సందుల్లో దారంతో శుభ్రం చేసుకోవాలి. అంచు గీత చిగురు దగ్గరే ఉంటుంది కనుక అక్కడ పాచి చేరనివ్వకూడదు.

టీ, కాఫీ పూర్తిగా మానాలని కాదు. గంటల తరబడి గుక్కగుక్కగా తాగకుండా ఒకేసారి తాగి, వెంటనే నీళ్ళతో పుక్కిలించాలి. నిమ్మరసం, కూల్‌డ్రింకుల వంటి పుల్లని పానీయాలు తాగాక అరగంట ఆగి తోముకోవాలి. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మౌత్‌వాష్‌లు సూక్ష్మజీవులను చంపుతాయి గానీ, ఎక్కువ రోజులు వాడితే పళ్ళకు గోధుమరంగు పట్టిస్తాయి. డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి.

ఇంకొక ముఖ్యమైన సంగతి. పుచ్చు రాకుండా ఆసుపత్రిలో పూసే ఫ్లోరైడ్ జెల్‌లలో ఆమ్లగుణం ఉన్న రకం ఒకటుంది. అది పింగాణీ మెరుపును కొరికి గరుకు చేస్తుంది. కాబట్టి ఏ దంతవైద్యుని దగ్గరికి వెళ్ళినా వెనీర్లు ఉన్నాయని ముందే చెప్పాలి. వారు తటస్థ గుణం ఉన్న రకాన్ని వాడతారు. ఆరునెలలకోసారి అంచులు చూపించుకోవాలి.

పళ్ళతో దారం తెంపడం, సీసా మూతలు తీయడం, పెన్ను కొరకడం మానాలి. కుట్టుపని, ఎంబ్రాయిడరీ చేసే ఇళ్ళలో దారం తెంపే అలవాటు సాధారణం. వెనీరు అంచు చిట్లితే అక్కడే మరక మొదలవుతుంది.

కప్పిపుచ్చరాని మరక

ఇప్పుడు తమ్ముడి సంగతికి వద్దాం. గుట్కాలో వక్క, పొగాకు, సున్నం, కాచు ఉంటాయి. గుజరాత్‌లో వక్క, పొగాకు, సున్నం కలిపి నలిపిన మావా కూడా ఎక్కువగా నములుతారు. గుట్కాను గుజరాత్ ప్రభుత్వం 2012లో నిషేధించింది. అయినా వక్కపొడి ఒక పొట్లంలో, పొగాకు మరో పొట్లంలో కొని కలుపుకునే పద్ధతి వచ్చింది. 18 ఏళ్ళ లోపు వారికి పొగాకు అమ్మరాదనీ, విద్యాసంస్థలకు 100 గజాల లోపు అమ్మరాదనీ 2003 నాటి చట్టం చెబుతుంది.

పొగాకు లేని ఉత్త వక్క కూడా క్షేమం కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వక్కనే క్యాన్సర్ కారకంగా గుర్తించింది. ఎక్కువకాలం నమిలేవారిలో బుగ్గల లోపలి పొర గట్టిపడి, తాడులా బిగుసుకుని, నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టకపోతే, కారం తగిలితే మంట పుడితే, తెల్లని లేదా ఎర్రని మచ్చ ఉంటే, రెండు వారాలైనా మానని పుండు ఉంటే వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

ఇలాంటి మరక మీద వెనీరు వేయించుకోవడం గోడ చెమ్మను సున్నంతో కప్పడం వంటిది. అలవాటు సాగితే అంచు గీత కొద్ది కాలంలోనే నల్లబడుతుంది. అంతకంటే పెద్ద నష్టం, పళ్ళు తెల్లగా ఉన్నాయి కదా అని నోటి లోపల జరుగుతున్నది ఎవరూ గమనించకపోవడం. ముందు అలవాటు మానాలి. మానదలచినవారికి కేంద్ర ఆరోగ్య శాఖ ఉచిత ఫోను సహాయం ఉంది, నంబరు 1800 112 356.

అన్న మాత్రం ఏం చేయాలి? అతను కూడా తొందరపడనక్కరలేదు. వెనీరు కోసం సాధారణంగా ఎనామిల్‌ను కొంత అరగదీస్తారు. అరిగిన ఎనామిల్ తిరిగి రాదు. అంటే ఒకసారి వేయించుకుంటే జీవితాంతం ఏదో ఒక కప్పు అవసరమవుతుంది. తేలికపాటి మచ్చలకు పైపొరను అతి పలుచగా రుద్ది తీసే పద్ధతి, తెల్లబరిచే పద్ధతి ముందుగా ప్రయత్నించవచ్చు. అవి చాలకపోతే కాంపోజిట్, చివరగా పింగాణీ. ఎదిగే వయసులో చిగుళ్ళు ఇంకా స్థిరపడవు కనుక పింగాణీకి 18 ఏళ్ళ దాకా ఆగమని వైద్యులు సాధారణంగా చెబుతారు. ఫ్లోరోసిస్ ఉన్న ఎనామిల్ మీద ఆమ్లం తేలికగా పనిచేయదు, అతుకు బలహీనం కావచ్చు. అందువల్ల పళ్ళ చరిత్ర, పెరిగిన ఊరు, తాగిన నీరు వైద్యునికి చెప్పడం మంచిది.

చివరగా ఒక్క మాట. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు భయం వ్యాపించి లక్షల మంది నగరం విడిచిపోయారు. 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో ప్రతిరోజూ చెత్త ఎత్తడం, రోడ్లు ఊడ్వడం, అధికారులు స్వయంగా వీధుల్లో తిరిగి తనిఖీ చేయడం అలవాటుగా మారింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి సూరత్ మొదటి స్థానం పొందింది. ఒక్కరోజు కడిగితే రాని శుభ్రత రోజూ ఊడిస్తే వచ్చింది. నోటికీ ఇదే వర్తిస్తుంది. వెనీరు ఎంత ఖరీదైనదైనా దాన్ని కాపాడేది రోజూ చేసే చిన్న పనులే.

ఈ పాఠం తరువాత మీరు చేయవలసిన పని ఇది. మీ ఇంట్లో తాగే నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో, మీ అమ్మానాన్నలు చిన్నప్పుడు ఏ నీరు తాగారో అడిగి రాసుకోండి. మూడు గుడ్డుపెంకులు తీసుకుని ఒకదాన్ని నీళ్ళలో, ఒకదాన్ని టీ డికాక్షన్‌లో, ఒకదాన్ని గరుకు కాగితంతో రుద్ది అదే డికాక్షన్‌లో రెండు రోజులు ఉంచండి. తీసి కడిగి, మూడింటి రంగులను పక్కపక్కన పెట్టి చూడండి. మీరు చూసినదాన్ని తరగతిలో చర్చించండి.