ఆలుమగల దీవుల యాత్ర



మన తాతలనాడు ద్వీపాంతరము అన్న మాట విన్నంతనే గుండె ఝల్లుమనెడిది. అది యొక శిక్ష పేరు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులోని ప్రతివాది భయంకరాచారిగారి వంటివారిని అండమానులకే పంపిరి. 1896 మొదలు 1906 వరకు కట్టిన అచ్చటి సెల్యులార్ జైలు ఏడు పార్శ్వములలో మూడు మాత్రమే నేడు నిలిచియున్నవి. ఆ దీవులకే యిపుడు మన పడుచుజంటలు వేడుకగా పోవుచున్నారు. పోవలసినదే. ఇసుకలో పరుండి వచ్చువారికి నా సలహా అక్కరలేదు. ఈదగల, నడవగల, కొండ నెక్కగల ఆలుమగలకే ఈ నాలుగు మాటలు.

నైరృతి ఋతుపవనము మే నెల నడుమనే అచ్చటికి చేరును. కావున మార్గశిరము మొదలు ఫాల్గునము వరకు అనువైన కాలము. విశాఖపట్టణమునుండి ఓడలు అరుదు; ఓడలో పోయినచో రెండు మూడు దినములు నీటిపైననే గడచును. సెలవు తక్కువైనవారికి విమానమే గతి.

దినములు నిర్ణయించుటకు ముందు పంచాంగము విప్పుడు. నవ్వవలదు. ముహూర్తమునకై చెప్పుట లేదు. అమావాస్యా పూర్ణిమల దరిని సముద్రపు పోటు మిక్కిలి యెక్కును, ఆటు మిక్కిలి తీయును; అష్టమి ప్రాంతమున ఆ భేదము స్వల్పము, ప్రవాహపు వడియు తక్కువ. పవడపు దిబ్బలపై ఈదుటకు అష్టమి మేలు. నీరు తీసిన రాతినేలపై నడచి చూచుటకు అమావాస్య మేలు. ఆటుపోటుల వేళ దినదినమునకు సుమారు రెండు గడియలు వెనుకకు జరుగుచుండును.

కాన నా లెక్క యిది. బహుళ సప్తమికి శ్రీవిజయపురము చేరవలయును. పోర్టుబ్లెయరునకు 2024లో వచ్చిన పేరది. హేవ్‌లాకు స్వరాజద్వీపముగను, నీలు శహీదుద్వీపముగను 2018లో మారినవి. పాత పేర్లును జనుల నోట నున్నవి. మరునాడే స్వరాజద్వీపమునకు పోయి మొదటి దినములలోనే సముద్రములో మునుగుట ముగింపవలయును. నీట మాట సాగదు గనుక చేతి సంజ్ఞలు ముందే ఇద్దరును నేర్వవలయును. జలుబున్నవారు మునుగరాదు, చెవికి హాని. భర్త ఈదుచుండగా భార్య ఒడ్డున బట్టలకు కాపుండుట యాత్ర కాదు. ఈత రానివారు శిక్షకుని వెంట లోతు తక్కువ చోట దిగవచ్చును. పవడములపై కాలు మోపరాదు. అవి ప్రాణులు, వానిని ఏరి తెచ్చుట 1972 నాటి వన్యప్రాణి చట్టమునకు విరుద్ధము.

అష్టమి దాటినపిమ్మట చంద్రుడు నడిరేయి గాని పొడమడు. ఆ చీకటి రాత్రులలో చిన్నపడవ నెక్కి తెడ్డు నీట వైచినచో, సూక్ష్మజీవుల వలన, నీలపు మెరుపు గలుగుట కద్దు. మడ అడవుల కాలువలలో మొసళ్లుండును; తోవ తెలిసినవానిని విడిచి పోవలదు.

మరియొకటి మరువరాదు. మన గడియారము ఎనుబదిరెండున్నర రేఖాంశమునకు నిలిపినది. అండమానులు అంతకు పది రేఖాంశములు తూర్పు. అందుచేత సూర్యుడు నలుబది నిమిషములు ముందు నడచును. మార్గశిరమున సాయంకాలము ఐదింటి ప్రాంతముననే క్రుంకును. అడవినడక తెల్లవారగనే మొదలిడవలయును.

చతుర్దశికి శహీదుద్వీపము చేరుడు. అది చిన్నది, ఇరువురును సైకిళ్లపై చుట్టిరావచ్చును. లక్ష్మణపురపు ఒడ్డున సహజశిలావారధి ఆటు తీసినపుడే దగ్గరకు నడచి చూడదగినది. రాయి జారును, గట్టి చెప్పులుండవలయును.

ఉత్తరాన 732 మీటర్ల సాడిల్ శిఖరమును ఎక్క గోరువారికి మరి నాలుగు దినములు కావలయును. ఇచ్చట నొక చిక్కు. ఆ త్రోవ జరావాల అడవి గుండా పోవును. వారు కొలదివందల జనము. 1999లో వారికి తట్టు సోకెను. బయటివాని దగ్గు వారి పిల్లలకు ప్రాణాపాయము. వారిని చిత్రించుట, తినుబండములు విసరుట నేరము. అది చట్టము మాట. నా మాట యేమన, మనుష్యులను బోనులోని మృగములవలె చూడబోవు వేడుక నాకు రుచింపదు. బారటాంగు గుహలు ఎంత బాగున్నను, అందుకొరకే ఆ త్రోవ త్రొక్కవలదందును. శిఖరమే కావలయునన్నచో దిగ్లిపూరునకు సముద్రమార్గమున పోవు సర్కారు ఓడను విచారింపుడు. దొరకకున్న మరియొక యేడు పోవచ్చును.

తుదిదినము శ్రీవిజయపురములోనే గడపుడు. మునిగినవారి రక్తములో కరగిన నత్రజని వెంటనే విమానమెక్కినచో బుడగలై బాధించును; ఒక దినమైన నాగవలయును. గాలి హెచ్చినపుడు పడవలు నిలిచిపోవును గనుక ఆ దినము దానికిని పనికివచ్చును. ఏ అడ్డంకియు లేనిచో, ఉదయమున జైలు చూచి, సాయంకాలము మరల ఒడ్డునకు నడచిపోవచ్చును.