రాజీ కుదుర్చు విద్య



నెల్లూరి రాజ్యమును అక్కన, బయ్యనలు అపహరింపగా, స్థానభ్రష్టుడైన రాజు మనుమసిద్ధి పక్షమున మాటాడుటకై తిక్కన సోమయాజి ఓరుగంటికి వచ్చి కాకతీయ ప్రభువు గణపతిదేవుని కొలువున నిలిచెనని సిద్ధేశ్వర చరిత్ర చెప్పుచున్నది. శ్రీకృష్ణ రాయబారమును తెనుగు చేసిన మహాకవి తానే రాయబారియై మన ఓరుగంటి కోటలో అడుగిడెనన్న తలపు నాకెప్పుడును పులకింత గొలుపును. అయినను ఆ రాయబారము ఫలించి కాకతీయసేన కదలెను. ఒకరి గెలుపు మరియొకరి ఓటమియే అయ్యెను. ఏ పక్షమునకును చెందక, ఉభయుల నడుమ కూర్చుండి, ఇరువురికిని సమ్మతమగు మాటను వారి నోటనే పలికించుట వేరొక విద్య. ఆ విద్యకు నేడు మన న్యాయస్థానములలో ఏర్పడిన పీఠమే లోక్ అదాలత్.

1987లో చేయబడి, 1995 నవంబరు 9న అమలునకు వచ్చిన న్యాయసేవాధికార సంస్థల చట్టము దీనికి ఆధారము. రాజీ కుదిరినచో లోక్ అదాలత్ ఇచ్చు తీర్పు సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కట్టిన కోర్టు రుసుము తిరిగి వచ్చును. కుదరనిచో వ్యాజ్యము వచ్చిన చోటికే మరలిపోవును.

అన్నదమ్ముల గెట్టు పంచాయితీనే తీసికొందము. కాగితముల మీద తగవు రెండు గుంటల నేల. మధ్యవర్తి తొందరపడక, ఒక్కొక్కరిని వేరుగా కూర్చుండబెట్టి విన్నచో, తమ్మునికి కావలసినది నేల కాదు, బావి దాక బండి పోవు బాట యనియు, అన్న మనసున ముల్లువలె నాటుకొన్నది తండ్రి పోయిననాడు తమ్ముడన్న ఒక మాట యనియు తేలవచ్చును. న్యాయాధిపతి నేల ఎవరిదో చెప్పగలడు. బాట విడిచి, బావి నీటికి వంతులు కట్టుకొని, "అన్నా, ఆనాడు తప్పు మాటాడితిని" అని ఒప్పుకొనుట వారికే సాధ్యము. వినుటయే ఈ విద్యలో సగమని నా నమ్మకము.

బలహీనుని నోరు నొక్కి పెద్దమనుషులు చేయించు సర్దుబాటును నేను రాజీ యనను. అందుకే స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా వకీలును ఏర్పరచు నిబంధన ఈ చట్టముననే కలదు.

దావా వేయక పూర్వమే రాజీకై జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. అందుకు కోర్టు రుసుము లేదు.