గోడకు ఆవల పడు గుండు



బుద్వేలు స్టేషనునుండి ఉత్తరముగా మూసీ నది దాటి కొంత దూరము పోయినచో గోలకొండ కోట వచ్చును. 1687వ సంవత్సరమున ఔరంగజేబు సైన్యము ఈ కోటను సుమారు ఎనిమిది నెలలు ముట్టడించినది. పెద్ద ఫిరంగులు గోడలను కొట్టినవి. గోడల క్రింద త్రవ్విన సొరంగములలోని మందు ప్రేలి, ముట్టడించిన వారినే చంపినది. వానలకు మంజీర పొంగి, శిబిరమునకు ధాన్యము అందలేదు. తుదకు సెప్టెంబరు నెలలో, లంచము గొన్న ఒక సేనాని తలుపు తెరచుటచేత కోట పడినది. ఫిరంగి చేయలేని పనిని ధనము చేసినది.

ఫిరంగి గుండు ఇంచుమించు నేలకు సమముగా పోవును. కనుక గోడ దానికి అడ్డు. గోడ వెనుకనున్న వానిని కొట్టవలెనన్నచో గుండు ఆకాశమునకెక్కి, నిలువుగా దిగవలెను. ఇట్లు కొట్టు ఆయుధమే మోర్టారు.

దీని నిర్మాణము మిక్కిలి సరళము. ఒక గొట్టము, దానిని నిలుపు రెండు కాళ్ల ఊత, క్రింద ఒక ఇనుప పలక. గుండును మూతినుండి జారవిడిచిన, అడుగుననున్న సూది తగిలి మందు అంటుకొనును. ప్రేలుడు వెనుకకు త్రోయు బలమునంతను ఆ పలక భూమికి అప్పగించును. భూమియే ఆ దెబ్బను భరించుటచేత మోర్టారు ఫిరంగికన్న ఎంతో తేలిక. కాని నేల మెత్తనిదైనచో పలక కూరుకొనిపోవును, రాతినేలయైనచో ఎగిరిపడును. మంచి చోటు నెన్నుకొనుట సగము విద్య.

1938లో సోవియట్ దేశమున రూపొందిన 120 మిల్లీమీటర్ల మోర్టారు బరువు సుమారు 280 కిలోలు. దాని 16 కిలోల గుండు దాదాపు 6 కిలోమీటర్లు పోవును. రెండు చక్రముల బండిపైకెత్తి లారీకి గాని గుఱ్ఱములకు గాని తగిలించి లాగుదురు. బాట లేనిచోట మూడు భాగములుగా విప్పి మోయుదురు. జర్మనులు దానిని చేజిక్కించుకొని, 1942లో అట్టిదానినే తామును చేసికొనిరి. 1943లో వచ్చిన 160 మిల్లీమీటర్ల మోర్టారు గొట్టము 3 మీటర్ల పొడవు; 40 కిలోల గుండును అంత ఎత్తునకెత్తుట కష్టము. కావున గొట్టమును వంచి, వెనుకనుండి గుండు దూర్చు ఏర్పాటు చేసిరి. తరువాతి 240 మిల్లీమీటర్ల దాని గుండే 130 కిలోలు. దానిని లాగుటకు గట్టి బండి, గట్టి బాట కావలెను.

ఈ ఆయుధము పనివారి అజాగ్రత్తను క్షమించదు. మొదటి గుండు ప్రేలక గొట్టములోనే నిలిచిపోయినపుడు, ప్రేలినదని భ్రమపడి రెండవ గుండు విడిచినచో, చుట్టునున్నవారికి ప్రాణాపాయము. అందుకే కొన్నింటి మూతివద్ద, రెండవ గుండును పోనీయని అడ్డు నమర్చిరి.

1962లో గోలకొండ ప్రక్కనే భారత సైన్యము ఆర్టిలరీ సెంటరును నెలకొల్పినది. ఫిరంగిదళములో చేరు యువకులు అచ్చట శిక్షణ పొందుదురు. 1999లో కార్గిల్ శిఖరములపై మన సైన్యము 120 మిల్లీమీటర్ల మోర్టార్లను గూడ ప్రయోగించినది. అచ్చట కొండ గట్టే గోడ. శత్రువు దాని ఆవలి వాలులో దాగియుండును.

మోర్టారు పేల్చువానికి గమ్యము కనబడదు. ముందుండి చూచు మరియొక సైనికుడు "ఇంకను దూరము", "కుడికి" అని వైర్‌లెస్సులో చెప్పును. ఆతని అంకె ఒకటి తప్పిన, గుండు తనవారిపైననే పడవచ్చును, ఊరిపైననే పడవచ్చును. కనబడనివారికై మాటలాడుట మా వృత్తి గూడ గనుక, ఆ ఒక్క మాట బరువు నాకు కొంత తెలియును. మేము తప్పు చదివినచో మరునాడు దిద్దుకొందుము. ఆతనికి ఆ అవకాశము లేదు.

గోడలు కట్టినవారు గోడ వెనుక క్షేమమనుకొనిరి. మోర్టారు ఆ నమ్మికను తీసివేసినది. ఇక మిగిలిన రక్షణ, పేల్చువాని వివేకము, చూచువాని నిజాయితీ మాత్రమే.